పాలిష్ మేస్త్రి ఊపిరి

వేసవి సెలవుల్లో మొదటి ఆదివారం మేస్త్రమ్మ ఇంట్లో చుట్టాలందరికీ భోజనం. ఆ రోజు గడప లోపలికి ప్లాస్టిక్ రాకూడదు, ప్యాకెట్టు రాకూడదు, సెల్‌ఫోన్ అసలే రాకూడదు. ఆవిడ పొద్దున్నే లేచి మట్టి ముంతలు బూడిదతో తోమి బోర్లించేది. మొక్కజొన్న కండెలు ఉడకబెట్టేది, నిమ్మనీళ్లలో తేనె కలిపేది. కుర్చీలు పెరట్లో పడేయించి, నేలంతా ఎండుగడ్డి పరిచి, దానిమీద పాత నూలు దుప్పట్లు వేసేది. వచ్చినవాళ్లు ఎంతటివాళ్లయినా చెప్పులు విప్పి ఆ గడ్డి మీదే కూచోవాలి.

"మరీ పశువుల్లాగా గడ్డి మీద తోలావేమే అక్కా," అనేవాడు ఏటా ఆవిడ తమ్ముడు. అతన్ని అందరూ రేడియో అంటారు. ఆపడానికి మీట లేదు గనక.

"మేత తక్కువైందా?" అనేది ఆవిడ.

ఈ నియమాలు ఊరికే పుట్టినవి కావు. ఆవిడ భర్త బీరువాలకూ మంచాలకూ పాలిష్ కొట్టే మేస్త్రి. ముప్పై ఏడేళ్లు ఆ మందుల మధ్యే బతికాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే, గుడ్డ కడితే వాసన తెలీదు, వాసన తెలీకపోతే పాళ్లు తెలీవు అనేవాడు. పనిమాత్రం గొప్పది. ఆయన చేయి పడిన తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకున్నవాళ్లున్నారు. తలుపులు ఇప్పటికీ అలాగే మెరుస్తున్నాయి, ఊపిరితిత్తులే నిలవలేదు. మూడేళ్ల కిందట వెనక గదిలో పోయాడు. మనిషిని తీసుకుపోయారు గానీ ఊపిరి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అప్పట్నుంచి ఆ ఇల్లు గాలి పీలుస్తుంది, వదులుతుంది. పీల్చినప్పుడు కర్టెన్లన్నీ వెనక గది వైపు వాలతాయి, తలుపులు కిర్రుమని దగ్గరకొస్తాయి. వదిలినప్పుడు చివర్న సన్నగా పిల్లికూత వినిపిస్తుంది. పాలవాడికి ఆ లెక్క బాగా తెలుసు. ఇల్లు గాలి వదిలేటప్పుడే గిన్నె అందిస్తాడు, లేకపోతే తలుపు మొహాన కొడుతుంది. మేస్త్రమ్మకు ఆ చప్పుడు వింటేనే నిద్ర. తీర్థయాత్రన్నా పెళ్లన్నా ఆవిడ పొద్దుగూకేసరికి ఇల్లు చేరాల్సిందే.

పోయినేడు చుట్టాలు పెరట్లోకి పోయి దొంగతనంగా ఫోన్లు చూసుకున్నారు. అందుకని ఈసారి గుమ్మంలోనే అన్నీ ఒక ఇనప్పెట్టెలో వేయించి, రేడియో స్కూటరు మీద అరగంట దూరంలో ఉన్న అతని దుకాణానికి పంపించేయాలని ఆవిడ ఏర్పాటు చేసింది. పెద్దల ఫోన్లయ్యాక పిల్లల జేబులు తడిమింది. పిచ్చుక జేబులో ఏదో గట్టిగా తగిలింది. పిచ్చుక అంటే ఎనిమిదేళ్ల మనవరాలు, ఒక్కగానొక్క కూతురి కూతురు.

"ఇదేంటే?"

"పీల్చుకునే మందు అమ్మమ్మా. అమ్మ దగ్గరే పెట్టుకోమంది."

ఆవిడ దాన్ని చేతిలో తిప్పి చూసింది. మేస్త్రి తలగడ కింద ఇలాంటివి నాలుగైదు ఉండేవి. ఏవీ ఆయన్ని నిలబెట్టలేదు.

"ఈ ఒక్కపూటకీ వద్దులే. ఇక్కడి గాలి శుభ్రమైంది," అని పెట్టెలో వేసేసింది. కూతురు అప్పుడు వంటింట్లో దోసకాయలు తరుగుతోంది. రేడియో పెట్టెను దుకాణంలో పడేసి భోజనాల వేళకు తిరిగొచ్చాడు.

భోజనాలయ్యాక పిల్లలు గడ్డిలో పడి దొర్లారు. దుమ్ము లేచింది. కాసేపటికి పిచ్చుక ఆట మానేసి గోడకానుకుని కూచుంది. భుజాలు పైకి లేస్తున్నాయి, పెదాలు నల్లబడుతున్నాయి. కూతురు పరుగున వచ్చి జేబులు వెతికింది.

"మందేదే? జేబులో పెట్టాను కదా."

పిల్ల మాట్లాడలేక అమ్మమ్మ వైపు వేలు చూపించింది.

"పెట్టెలో వేశానే," అంది మేస్త్రమ్మ.

"పెట్టె నా దుకాణంలో ఉంది," అన్నాడు రేడియో. ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడకుండా స్కూటరెక్కాడు. పోవడానికి అరగంట, రావడానికి అరగంట. ఆస్పత్రికి ఫోన్ చేద్దామంటే చేతిలో ఫోనున్నవాడు లేడు. ఎవరో కారు కోసం వీధిలోకి పరిగెత్తారు. కూతురు పిల్లను గుమ్మంలో ఒళ్లో కూచోబెట్టుకుంది. పిల్ల గొంతు కింద గుంట లోతుగా పడుతోంది. ఒక దశలో చప్పుడు కూడా ఆగిపోయింది.

మేస్త్రమ్మ వెనక గది దగ్గరికి నడిచి ద్వారబంధం మీద చెయ్యి వేసింది. అడిగితే ఆయన కాదనడని ఆవిడకు తెలుసు. బతికుండగా కూడా ఆ ముక్కుగుడ్డ తప్ప ఏదీ కాదన్లేదు. అందుకే అడగడానికి అంతసేపు పట్టింది. అంతసేపంటే, ఇల్లు రెండుసార్లు పీల్చి వదిలేంత.

"ఏమండీ," అంది. "పిల్లకిచ్చెయ్యండి."

ఇల్లు గాలి వదిలింది. ఎప్పుడూ మధ్యలో తెగేది, ఈసారి తెగకుండా, అటకమీది నుంచీ అలమరల్లోంచీ గోడల లోపల్నుంచీ వదిలింది. గడ్డంతా లేచి గుమ్మం వైపు కొట్టుకుపోయింది, ముంతలు దొర్లాయి, చుట్టాలు పక్కకు జరిగి దారిచ్చారు. కర్టెన్లు బారుగా లేచి పిల్ల వైపు సాగి, తర్వాత నిటారుగా కిందికి వాలిపోయాయి. మళ్లీ కదల్లేదు.

పిచ్చుక నోరు తెరిచింది. ఛాతీ నిండా గాలి తీసుకుని, చివర్న సన్నగా కూత పెట్టి, మళ్లీ తీసుకుంది. పెదాలకు రంగొచ్చింది.

కారొచ్చింది. ఒకసారి డాక్టరుకు చూపించాల్సిందేనంది కూతురు. చుట్టాలు ముంతలు ఏరి ఒక మూల పెడుతున్నారు. ఇంట్లో ఎవరి అడుగుల చప్పుడు వాళ్లకే పెద్దగా వినిపిస్తోంది.

"ఎందుకు తీశావమ్మా?" అంది కూతురు, తల్లి మొహం చూడకుండా.

"మీ నాన్నకు పనిచెయ్యలేదని," అంది మేస్త్రమ్మ.

కూతురు పిల్లను తల్లి చేతుల్లోకి అందించి, "పట్టుకో, చెప్పులేసుకొస్తాను," అంది.

పిచ్చుక అప్పటికే నిద్రలోకి జారింది. తల అమ్మమ్మ భుజం మీద వాల్చి మెడలోకి ఊపిరి వదులుతోంది. వెచ్చగా, మధ్యమధ్య ఆగి ఆగి, కొంచెం వార్నీష్ వాసనతో. మేస్త్రమ్మ కదల్లేదు. కూతురు వచ్చి పిల్లను తీసుకోబోతే, "ఉండనీవే," అని అలాగే కారెక్కింది.