బండి ఎప్పుడివ్వాలి

“బండి ఎప్పుడివ్వమంటావు, వాసవీ?” గడ్డం గీసుకుంటూ అడిగాడు శ్రీహరిరావు.

పక్కింటి నాగమణమ్మకు గోడ మీదుగా ఈ మాట వినబడినప్పుడల్లా నిట్టూర్పే. “అదృష్టవంతురాలివమ్మా. కారు సర్వీసుక్కూడా నిన్నడిగే ఇస్తాడు. మా ఆయన గొడుగు బాగు చేయించినా నాతో చెప్పడు.” వాసవాంబ నవ్వి ఊరుకుంటుంది. ఏం చెబుతుంది? మొగుడు అడిగేది తన సలహా కాదు, తన తేదీ.

డెబ్బై ఎనిమిదిలో ఆ పాత ఫియట్ సైదాబాదులో తమ ఇంటి ముందు ఆగిన రోజే అత్తగారు శారదాంబ తీర్మానం చేసేసింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందర వెంకటేశ్వరస్వామిని కూర్చోబెట్టిన బండి. బయట చేరిన మూడు రోజులూ కోడలు అందులో కాలు పెట్టకూడదు. ఇంట్లో ఎలాగూ చాప వేరు, చెంబు వేరు. ఆఫీసుకు మాత్రం మైల అంటదు, అక్కడ జీతమిస్తారు కదా! సిటీ బస్సులో వేలాడుతూ వెళ్లి రావచ్చు. శ్రీహరిరావు ఇంజనీరు. బుర్ర చురుగ్గా పనిచేసింది. “ఎలాగూ నువ్వెక్కవు. నాకు ఆఫీసు జీపు వస్తుంది. ఆ మూడు రోజుల్లోనే సర్వీసుకిచ్చేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు,” అన్నాడు. ఆ ‘ఎవరికీ’లో తను లేనని వాసవాంబకు తెలిసిరావడానికి చాన్నాళ్లు పట్టింది. “హాయిగా కూర్చోవే మూడు రోజులు,” అంటుంది అత్తగారు. నాలుగో రోజు తలస్నానం చేసి వచ్చేసరికి ఆ మూడు రోజుల చాకిరీ అంతా గడప దగ్గర పోగుపడి ఉంటుంది.

పోయిన ఆదివారం మెకానిక్ భిక్షపతి ఇంటికే వచ్చి బండి చూశాడు. బహదూర్‌పురాలో అతనిదో రేకుల షెడ్డు. వంటింటి కిటికీలోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

“ఆయిల్ మస్తు నల్లగైంది సార్. ఈ వారమే పంపుండ్రి, లేకుంటే ఇంజన్ ఖరాబైతది.”

“ఇంకో వారం ఆగాలి భిక్షపతీ.”

“అవు గదా. అమ్మగారిది ఇరవై తారీకు గదా.”

వెటకారంగా అనలేదు. రేపు పాలు రావని పాలవాడు ఎంత మామూలుగా చెబుతాడో అంత మామూలుగా అన్నాడు. పెనం మీద దోసె మాడిపోయింది.

“అతనికెందుకు చెప్పారు?” అని నిలదీస్తే శ్రీహరిరావు పేపరు కూడా దించలేదు. “ముందే చెప్పకపోతే ఇంకెవరి బండో ఒప్పుకుంటాడు. దీన్లో తప్పేముంది?”

ఆనాటి నుంచి వాసవాంబకు ప్రతి మొహమూ అనుమానమే. బస్టాపు దగ్గర కిళ్లీ కొట్టువాడు తను కనబడితే ఎందుకు తల తిప్పుకుంటాడు? సెక్షన్లో ఆనందరావు “ఇవాళ బస్సా అమ్మా?” అని ఇన్నాళ్లుగా అడుగుతున్నది మర్యాదకేనా? ఆయన స్కూటరు బాగుచేసేదీ భిక్షపతే. షెడ్డు గోడ మీద బళ్ల నంబర్ల పక్కన తన తేదీ కూడా సుద్దముక్కతో రాసి ఉందేమో. అంతమంది మగవాళ్లు చాయ్ తాగుతూ చదువుకున్నారేమో. తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్ల కాపురంలో నిద్ర, తిండి, సెలవు రోజులు అన్నీ వీళ్లకే ఇచ్చేసింది. ఒంటి లెక్క ఒక్కటైనా తనదనుకుంది. అదీ బజారున పడింది. దాన్ని తిరిగి తెచ్చుకోకపోతే ఇక తనదనేది ఏదీ ఉండదు.

గురువారం పొద్దున, నాలుగు రోజులు ముందే, నెలసరి వచ్చేసింది. చెప్పడానికి అలవాటు కొద్దీ నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. స్నానం చేసి, పొయ్యి వెలిగించి, టిఫిను పెట్టి, రోజూలాగే మొగుడి పక్కన బండెక్కి ఆఫీసుకు వెళ్లింది. దారి పొడుగునా ముందరున్న బొమ్మనే చూస్తూ కూర్చుంది. వెంకటేశ్వరస్వామి ఎప్పట్లాగే ఉన్నాడు.

“ముఖం అలా పీక్కుపోయిందేమే? ఏమైనా దాస్తున్నావా?” అంది సాయంత్రం శారదాంబ.

“నిద్రలేదత్తయ్యా.”

అత్తగారు క్యాలెండరు దగ్గరికి వెళ్లి వేలితో గళ్లు లెక్కపెట్టింది. ఇంకా నాలుగు రోజులున్నాయి. నమ్మింది. నమ్మి కూడా పడుకునేదాకా కోడలి వెనకే తిరిగింది.

శుక్రవారం సాయంత్రం ముగ్గురూ కిషన్‌బాగ్ గుడికి బయల్దేరారు. కొబ్బరికాయ పళ్లెం ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుంది వాసవాంబ. బహదూర్‌పురాలో షెడ్డు ముందు శ్రీహరిరావు బండి ఆపాడు. భిక్షపతి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఎప్పుడిస్తరు సార్? రోజు చెప్పుండ్రి, ఇంకో బండి ఒప్పుకోను.”

శ్రీహరిరావు వెనక్కి తిరిగి, “ఎప్పుడివ్వమంటావు?” అన్నాడు.

ఆమెకు భయమేసింది. అయినా అద్దం దించి, మొగుడి వైపు కాదు, మెకానిక్ వైపే చూసింది.

“ఆయిల్ చూసి నువ్వే చెప్పు భిక్షపతీ. ఈ సంగతి ఇక నన్నెవరూ అడగొద్దు. నాకివాళ రెండో రోజు. సైదాబాదు నుంచి ఇందులో కూర్చునే వచ్చాను.”