మెట్ల తలుపు

మా బందరు ఇంట్లో మేడమెట్ల తలుపుకి గడియ లేదు. కాపురానికి వచ్చిన కొత్తలోనే వడ్రంగిని పిలిచి ఊడదీయించాను. "దొంగలకి శుభలేఖ పంపకపోయావా" అని మావారు ఇప్పటికీ వేళాకోళం చేస్తుంటారు. గాలికి ఆ తలుపు కొట్టుకున్నప్పుడల్లా నేను లేచి వెళ్లి చూస్తాను. అవతల ఎవరూ ఉండరు. అయినా చూస్తాను.

ఉప్పెన వచ్చి ఇరవై ఏళ్లవుతోందని తొంభై ఏడులో మా అన్నయ్య గోవర్ధనరావు, నాగాయలంక దగ్గర మా పుట్టినూళ్లో ఒక హాలు కట్టించాడు. చనిపోయినవాళ్ల గుర్తుగా దాని గోడకి కలంకారీ గుడ్డ పెట్టాలన్నాడు. "నువ్వు బొమ్మలు గీస్తావుగా, పెడన నీకు పక్కనే" అని పని నాకు అప్పగించి, పేర్ల జాబితా పంపాడు. నలభై ఒక్క పేర్లు. నేను మధ్యలో మా పుట్టింటి మేడ గీశాను. దాని మెట్లు, మూసి ఉన్న తలుపు, కింద నీళ్లు, పైన వరసగా నలభై ఒక్కమంది మనుషులు. ఒక్కరూ తగ్గకుండా రెండుసార్లు సరిచూసుకున్నాను.

పెడనలో గోవిందరాజులుగారి అద్దకం షెడ్డుకి వెళ్లి, గుడ్డ మీద బొమ్మల మధ్య ఎడం టేపుతో కొలిచాను. ఆయన నవ్వాడు.

"మా అమ్మాయి పెళ్లికి పందిరి కూడా ఇంత కొలతగా వెయ్యలేదమ్మా."

అద్దేది రత్నం అనే ఆవిడ. ముప్పై ఏళ్లుంటాయి. చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, అరచేతి అంచుతో గట్టిగా కొట్టేది. దబ్, దబ్. ఆ చప్పుడు వినలేక బయటికెళ్లి నిలబడ్డాను.

కాసేపటికి ఆమె కూడా బయటికి వచ్చింది.

"ఆ మేడ మీదేగా అమ్మగారూ?"

"నీకెలా తెలుసు?"

"మాది కాలవ అవతల మాలపల్లెండీ. అప్పుడు నాకు పదేళ్లు. మీ గొడ్లసావిడి కప్పు మీద కొట్టుకుపోయి బతికాను." చేతికంటిన నల్లరంగు చీర కొంగుకి తుడుచుకుంది. "మా అమ్మ రావమ్మ. చంకలో మా తమ్ముడితో మీ మెట్లెక్కిందండీ. తలుపు కొట్టింది."

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను.

"మీరిచ్చిన జాబితాలో మా పల్లెవాళ్లు ఒక్కళ్లూ లేరేంటండీ?"

"అన్నయ్య ఇచ్చిందమ్మా అది."

"మా అమ్మ బొమ్మ ఒక్కటి వెయ్యనివ్వండి. ఆ మెట్ల మీదే. ఒక్కటి."

"అన్నయ్యని అడిగి చెప్తాను" అన్నాను.

అడగలేదు. ఆ వారం అన్నయ్యతో రెండుసార్లు ఫోన్లో మాట్లాడాను. హాలు రంగుల గురించీ, భోజనాల గురించీ మాట్లాడాం. కాలేజీ రోజుల్లో గడప బయట నిలబడ్డవాళ్ల కథలు చదివి ఏడ్చినదాన్ని. సినిమాహాల్లో చేతిరుమాలు తడిపినదాన్ని. పుస్తకం మూసేశాక, హాల్లో దీపాలు వెలిగాక, ఏ ఒక్కసారీ మా మెట్లు గుర్తు చేసుకోలేదు. గుర్తు రానిచ్చేదాన్ని కాదు.

కలంకారీలో నలుపు అద్దగానే కనిపిస్తుంది. ఎరుపు అలా కాదు. ఎరుపు రావలసినచోట పటిక నీళ్ల ముద్ద అద్దుతారు. అది తెల్లటిది. అచ్చు ఎక్కడ పడిందో తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుతారు. కలపకపోతే పడ్డ గుర్తే ఉండదు. ఎర్రరంగునిచ్చే వేరుచెక్కతో కలిపి రాగి కాగులో ఉడికించినప్పుడే పటిక పడ్డచోటల్లా ఎరుపు తేలుతుంది.

ఉడకబెట్టే రోజు ఉదయం చూడ్డానికి అన్నయ్య కూడా వచ్చాడు. గోవిందరాజులుగారు కర్రలతో గుడ్డ పైకెత్తాడు. ఆవిరి తప్పుకుంది.

నల్లటి మనుషులు నలభై ఒక్కరూ ఉన్నారు. వాళ్ల కింద, నేను ఖాళీగా వదిలిన నీళ్లలో, మెట్ల నిండా, ఎర్రటి ఆడమనిషి. చంకలో బిడ్డ, ఒక చెయ్యి పైకెత్తి. ఒకే అచ్చు, మళ్లీ మళ్లీ. అది పాత అచ్చు, చీలింది. అందుకని ప్రతి బొమ్మకీ ఎత్తిన చెయ్యి మణికట్టు దగ్గర తెగి ఉంది. అందరి ముఖాలూ తలుపు వైపే.

"ఏంటే రత్నం ఇది? బుద్ధుందా నీకు?" గోవిందరాజులుగారు కర్ర విసిరేశాడు. "రేపట్నించి పనిలోకి రాకు! అమ్మా, మళ్లీ కొత్తది వేయించి ఇస్తాను."

"ఒక్కటన్నావుగా" అన్నాను రత్నంతో.

"మా పల్లెలో పోయింది ముప్పై నలుగురండీ. మా అమ్మనొక్కదాన్నీ వేస్తే మిగతావాళ్లు ఊరుకుంటారాండీ?"

అన్నయ్య నన్ను పక్కకి లాగాడు. "ఇందూ, ఇది హాల్లో పెడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేం. ఆ రోజు తలుపు తీస్తే మనమూ పోయేవాళ్లం. నాన్నగారు గడియ వేశారు కాబట్టి బతికాం."

"నాన్నగారు వెయ్యమన్నారు."

"అదే."

"వేసింది నేను."

అన్నయ్య చెయ్యి నా భుజం మీంచి జారింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. అవతల చెక్క మీద దబ్, దబ్. తర్వాత ఒక్కసారి. తర్వాత నీళ్ల హోరు మాత్రమే. నా వేళ్లు గడియ మీదే ఉండిపోయాయి. ఒక్క అంగుళం జరిపితే చాలు.

"ఈ గుడ్డే పెడతాం" అన్నాను. "వద్దంటే నా పుట్టింటి గోడకి నేనే మేకు కొడతాను, అన్నయ్యా. రత్నాన్ని పనిలోంచి తీస్తే ఈ షెడ్డులోకి మళ్లీ రాను, గోవిందరాజులుగారూ."

గుడ్డ ఉతికి ఆరబెట్టేదాకా అక్కడే కూర్చున్నాను. నేను గీసిన తలుపు దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఇటువైపు, లోపలిపక్క, ఎవరూ లేరు. గడియ దానంతటదే పడినట్టుంది.

"రత్నం, పటిక తీసుకురా. వెదురుపుల్ల కూడా. ఇక్కడ గడియ మీద ఒక చెయ్యి గీయాలి, నేనే గీస్తాను."

ఆమె గిన్నె తెచ్చింది. తెల్లటి ముద్ద.

"ఇందులో రంగు కలుపు. ఉడికేదాకా దాగొద్దు."

కలిపింది. నేను పుల్ల ముంచి గడియ పక్కన ఆనించాను. రత్నం గుడ్డ అంచుని బిగుతుగా పట్టుకుని, చాలా మామూలుగా, పని అడిగినట్టే అడిగింది.

"ఏ చెయ్యండీ?"

"కుడి చెయ్యి" అన్నాను.