పుల్లయ్య గారి గార

తలారి దండోరా వేసింది "మానవ శాస్త్రజ్ఞుడు వస్తాండాడు" అనే. కానీ మిగిలిన మూడు పళ్ళ సందుల్లోంచి అది "మానవ శస్త్రజ్ఞుడు"గా జారింది. ఒక్క దీర్ఘం పోయేసరికి ఊరికి ఊపిరి పోయింది. మనుషుల్ని కోసేవాడు కోసిగి దాకా వచ్చేశాడని కొందరు జొన్నచేలల్లో, కొందరు గడ్డివాముల చాటున దూరారు. కర్నూలు రాజధాని అయిన కొత్తలు. ఆ ఊపులో ఇంకేమైనా రావచ్చని జనం నమ్ముతున్న రోజులు.

పరుగెత్తనివాడు పుల్లయ్య రెడ్డి ఒక్కడే. నలభై అయిదేళ్ళ మనిషి. పెద్ద వాకిలి, అంతకన్నా పెద్ద గొంతు. మాటకు మాట ముడేసి చమత్కారం చెయ్యడం ఆయన వ్యసనం. నవ్వడం కూడా ఆయన పనే. వినేవాళ్ళు తలలు ఊపి తప్పుకునేవాళ్ళు.

శాస్త్రజ్ఞుడి కోసం ఆయన ఎదురుచూపులన్నీ పళ్ళ కోసం. పుల్లయ్య ముందుపళ్ళ మీద అడ్డంగా ఇటుకరంగు చారలు. వాళ్ళ నాయనకూ అవే, అక్కచెల్లెళ్ళకూ అవే. ఊళ్ళో ఇంకెవరికీ లేవని అందరి నమ్మకం. "ఇది గార కాదప్పా, మా వంశపు గారాబం!" అనేవాడు. ఆత్మకూరు నుంచి కాపురానికొచ్చిన సుబ్బరత్నమ్మవి తెల్లజొన్న గింజల్లాంటి పళ్ళు. "పాపం, వేరే వంశం" అని భార్య మీద జాలిపడేవాడు.

ఆమె దిగులంతా అప్పుడే పాలు మాన్పించిన కూతురి గురించి. ఆ పొద్దున బిడ్డకు ఉగ్గుగిన్నెతో నీళ్ళు పడుతూ అడిగింది: "దీనికీ ఇట్లాంటి పళ్ళే వస్తాయా? పిల్ల నోరు మూసుకొనే బతకల్లా?"

"రాకపోతే మా బిడ్డ ఎట్లయితాది? ఈ పొద్దు శాస్త్రమే చెప్తాది, చూడు!"

వచ్చిన సుందరం మద్రాసు మనిషి. చేతిలో తలలూ ముక్కులూ కొలిచే ఇనుప పటకారు. పుల్లయ్య వాకిట్లో మంచం వేయించి గొంతెత్తాడు: "రండప్పా! ఈయన పెట్టేది కలత కాదు, కొలత! ముందు నన్నే కొలవనీ!"

ఎవరూ నవ్వలేదు గానీ, వాముల చాటు నుంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు.

సుందరం తల కొలిచాడు, ముక్కు కొలిచాడు. నోరు తెరవమన్నాడు. పుల్లయ్య కోటగుమ్మం తెరిచినట్టు తెరిచాడు.

"చూసినారా సార్! మా నెత్తురు ఉన్నోళ్ళకు తప్ప ఇంకెవరికీ రావు. మా పెద్దలు యాడో రాజులై ఉండాల. పుస్తకంలో రాసుకోండి: సూర్యవంశం, చంద్రవంశం, దంతవంశం!"

అప్పుడు జరగరానిది జరిగింది. ఎవరో నవ్వారు.

నవ్వింది పాలేరు నరసన్న. పసితనం నుంచి ఆ ఇంట్లోనే పెరిగినవాడు. రెడ్డి ముందు నిలబడితే తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకోవడం అతనికి నేర్పిన మర్యాద. ఊళ్ళో నలుగురి ముందూ ఆ అలవాటు పోలేదు. ఈ పూట ఆ గుడ్డ, సారు కూర్చోవాలని, మంచం మీద పరిచి ఉంది. "దంతవంశం" చెవిన పడగానే నోరు బార్లా తెరుచుకుంది.

అడ్డంగా, ఇటుకరంగులో, చారలు!

పుల్లయ్య తన జన్మలో నవ్వించగలిగింది ఒకే ఒక్కణ్ణి. ఆ ఒక్కడూ నవ్వి కొంప ముంచాడు.

జనం చూపులు ఈ పళ్ళ నుంచి ఆ పళ్ళకు, అక్కడి నుంచి గోడ మీదున్న పుల్లయ్య నాయన పటానికి, చివరికి అరుగు కింద కూర్చున్న నరసన్న తల్లి మద్దమ్మ దగ్గరికి పోయాయి.

"మీ నెత్తురోళ్ళకే గదా రెడ్డీ వచ్చేది?" గుంపులోంచి పెద్ద ఈరన్న తాపీగా అందుకున్నాడు. "అయితే నరసన్న నీకు తమ్ముడయితాడా ఏంది?"

మద్దమ్మ దిగ్గున లేచింది. "నా మొగుడు పోయినాక చంకలో పసిబిడ్డతో ఈ ఇంట్లో పనికొస్తి. మీ నాయన నా బిడ్డకు పోసింది అంబలి, నీళ్ళు. అంతే! నీ పళ్ళ గొప్పకు నా ముఖాన బురద కొడతాండావా, పుల్లయ్యా?"

ఆమె నోట "రెడ్డీ" అనే మాట రాకపోవడం అదే మొదలు.

పుల్లయ్య రెండు వైపులా ఇరుక్కున్నాడు. చారలు వంశానివంటే మద్దమ్మ పరువు, నాయన పరువు ఒకే దెబ్బకు పోతాయి. కాదంటే దంతవంశం పోతుంది.

"నీళ్ళన్నావు గదమ్మా," సుందరం పటకారు కింద పెట్టాడు. "ఏ నీళ్ళు?"

పెరటిబావి నీళ్ళు. ఊరంతా తాగే వంక ఇసుకలోని చెలమ నీళ్ళు తమ అంతస్తుకు తగవని, పుల్లయ్య తాత బండ పగలగొట్టించి తవ్వించిన బావి అది. ఊరివాళ్ళను చేద కూడా తాకనిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లోవాళ్ళూ, ఇంట్లో పెరిగిన నరసన్నా మాత్రం అవే తాగారు.

సుందరం విడమరిచి చెప్పాడు. కొన్ని రాళ్ళలో ఫ్లోరైడ్ అని ఒక ఉప్పు ఉంటుంది, అది లోతు నీళ్ళలో కలుస్తుంది. చిగుళ్ళలోపల పళ్ళు తయారయ్యే పసితనంలో ఆ నీళ్ళు తాగితే ఇట్లా చారలు పడతాయి. పెద్దయి వచ్చిన కోడళ్ళకు పడవు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు కూడా బిగుసుకుంటాయి. "మీ నాయనగారికి చివర్లో మెడ వంగేదా?"

"లేదు సార్. ఎవరికీ మెడ వంచని వంశమని మేము..." పుల్లయ్య సగంలోనే మింగేశాడు.

లోపల ఉగ్గుగిన్నె గణగణమంది. ఆయన ఒక్క గంతులో లోపలికి పోయి, బిడ్డ నోటి దగ్గరి గిన్నె లాక్కొచ్చి వాకిట్లో బోర్లించాడు. మంచం ఎక్కాడు.

"ఇనుకోండప్పా! ఇది జాతి గుణం కాదు, రాతి గుణం! మద్దమ్మది ఏ తప్పూ లేదు, మా నాయనదీ లేదు. తప్పంతా బావిది. మీకు దక్కనియ్యకుండా మూడు తరాలు మేము దాచుకొని తాగింది రోగాన్ని! ఆ పీనాసితనం వల్లే మీ పళ్ళు బాగుండాయి. ఆ పుణ్యమన్నా మాకు ఇయ్యండి!"

నరసన్న నోటికి అడ్డం పెట్టుకోవడానికి గుడ్డ కోసం వెతుక్కుంటున్నాడు. అది పుల్లయ్య కాళ్ళ కింద ఉంది.

"ముయ్యొద్దులేరా. నీవీ నావీ ఒకే బావి పళ్ళు. కావడి తే, చెలమకు పోదాం. మద్దమ్మా, నా నోటిదురుసు మన్నించు."

"ముందు నీళ్ళు తే రెడ్డీ, తర్వాత చూస్తాం" అంది మద్దమ్మ.

తలారి భయం భయంగా ముందుకొచ్చాడు. "అయితే ఈ సారు మనుషుల్ని కొయ్యడా?"

"అది నీ నోట్లో పోయిన దీర్ఘమప్పా. శస్త్రం కాదు, శాస్త్రం!" కావడి భుజానికెత్తుకుంటూ పుల్లయ్య ఊరందరికీ వినేట్టు చెప్పాడు. "మనుషుల్ని ముట్టడు. కోసిందల్లా నా కోతల్నే!"