రెక్క వాలని రోజు

"ఆ నాలుగు ఫోటోలు తుడవడానికి ఇంతసేపా?" అన్నారు మా ఆయన, బూట్ల లేసులు ముడివేసుకుంటూ. "స్కాన్ చేసి మొదటి షీటు మీద పెట్టు. నేను వెళ్ళేసరికి ఫైలు నా మెయిల్లో ఉండాలి. కమిటీ వాళ్ళని కూర్చోబెట్టి నీ కోసం కబుర్లు చెప్పలేను."

ఒక చేతిలో మెత్తటి గుడ్డ, రెండో చేతిలో మా నాన్న తీసిన రైలు ఫోటో. వంటింట్లో కుక్కర్ కూత వేస్తోంది. అలాగేనండీ అన్నాను. అనడం అలవాటైపోయింది.

నాన్న పల్లెటూరి జంక్షన్‌లో కేబిన్‌మేన్‌గా పనిచేశాడు. మేడమీది అద్దాల గదిలో నిలబడి, ఇనప లివర్లు లాగి సిగ్నళ్ళు వేసే ఉద్యోగం. పాతబడ్డ ఆ జంక్షన్ని ఇప్పుడు మ్యూజియం చేస్తారట. కమిటీకి ప్లాన్ నచ్చితే మా ఆయన వాళ్ళ ఆఫీసుకి చీఫ్ ఆర్కిటెక్ట్ అవుతారు. ఆ ప్లాన్ గీసింది నేను. ఇద్దరం ఒకే క్లాసులో చదివాం, మార్కులు ఎవరికెక్కువో ఆయనకి గుర్తుండదు. "ఇంట్లోనే ఉంటావుగా, కాస్త గీసిపెట్టు" అన్నారు పెళ్ళైన కొత్తలో. ఆ కాస్తా నా మణికట్టుని తినేసింది. పొద్దున లేస్తే వేళ్ళు నావి కావు, గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. జారినప్పుడల్లా అత్తయ్య, "మీ అమ్మకి భుజం, నీకు మణికట్టు. పని తప్పించుకోవడానికి మీ వంశంలో తలా ఒక కీలు పంచుకున్నారు" అంటుంది. మొన్న విందులో ఎవరో, మీ ఆవిడ కూడా ఆర్కిటెక్టేనటగా అన్నారు. "చదివింది లెండి. ఇప్పుడు ఆ స్కేలు పిల్లిని అదిలించడానికి పనికొస్తోంది" అన్నారు ఈయన. అందరూ నవ్వారు. మంచినీళ్ళు అందిస్తూ నేనూ నవ్వాను. ఆ రాత్రి స్నానాలగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఈ మ్యూజియం ప్లాన్ గెలిస్తే ఇలాంటివి వరసగా వస్తాయని ఆయన సంబరం. వరసగా.

ఆయన కారు వెళ్ళిన చప్పుడయ్యింది. ఫోటోలు స్కాన్ చేసి ఫైల్లో పెట్టి, బల్ల మీద పరిచాను.

అన్నిటికీ అడుగున నాన్న నీడ ఉంటుంది. కంకర రాళ్ళ మీద పొడుగ్గా, మోచేతులు విడదీసి, కంటికి కెమెరా ఆనించుకుని. చిన్నప్పటినుంచీ చూస్తున్న నీడే. కానీ ఇవాళ రెండు ఫోటోలు పక్కపక్కన పడ్డాయి. ఒకదాంట్లో సిగ్నల్ స్తంభం మీది రెక్క ఆగమన్నట్టు అడ్డంగా ఉంది, రైలు దూరంగా పొగలా కనిపిస్తోంది. రెండోదాంట్లో రెక్క రమ్మన్నట్టు కిందికి వాలింది, రైలు దగ్గరికొచ్చింది. నీడ మాత్రం కదల్లేదు. అదే రాయి మీద అదే తల.

రెక్క దానంతటది వాలదు. పైన కేబిన్లో ఎవరో లివర్ లాగాలి. "ఆ కేబిన్లో నేనొక్కణ్ణే" అని నాన్న జీవితమంతా చెప్పుకున్నాడు. మరి నాన్న కింద కెమెరా పట్టుకుని నిలబడితే, పైన ఎవరు?

ఫోటోలు తీసుకుని వెనక గదిలోకి పరిగెత్తాను. నాన్న పోయాక మా దగ్గరే ఉంటున్న అమ్మ, మంచం మీద కూర్చుని ఎడమచేత్తో తల దువ్వుకోవాలని చూస్తోంది. కుడిచెయ్యి పైకి లేవక ఎన్నేళ్ళో అయ్యింది.

"అమ్మా, నాన్న ఇక్కడుంటే లివర్ ఎవరు లాగారు?"

"ఇంకెవరు, దయ్యాలా?" దువ్వెన నా చేతికిచ్చింది. "మీ నాన్నకి ఫోటోల పిచ్చి. కిందనుంచి చెయ్యి ఊపితే నేను లాగాలి. రానురాను ఫోటోలు లేకపోయినా లాగాను. ఆయన కునుకు తీస్తే నేను, పేకాటకి వెళ్తే నేను."

"ఈ భుజం..."

"మరి ఊరికే పోయిందనుకున్నావా?"

అన్నిటికంటే అడుగున ఉన్న ఫోటో చూపించాను. మా ఆయన మొదటి షీటుకి ఎంచింది అదే. అందులో రెక్క అడ్డంగానే ఉంది. రైలు ఆగిపోయి, డ్రైవరు కిటికీలోంచి బయటికి వంగాడు. నీడలో నాన్న ఒక చెయ్యి పైకెత్తాడు. డ్రైవరుని ఆప్యాయంగా పలకరిస్తున్నాడని, అది చూసి కమిటీ కరిగిపోతుందని మా ఆయన మురిసిపోయారు.

అమ్మ ఆ ఫోటోని వెలుతురుకేసి తిప్పుకుంది.

"పలకరింపేం కాదు. లాగవే, లాగవే అని నాకు చెయ్యి ఊపుతున్నాడు. అంతకుముందు రోజే, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క పొరపాటూ చెయ్యలేదని మీ నాన్నకి శాలువా కప్పారు. మీ ఆవిడకి కూడా నేర్పావా అని పెద్దాఫీసరు అడిగితే, దానికి గరిటెకీ లివరుకీ తేడా తెలీదండీ అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాడు చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. బండి అరిచింది, ఆయన అరిచాడు. చివరికి మెట్లెక్కి వచ్చి తనే లాగాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? తెల్లారి మళ్ళీ నేనే లాగాను. నువ్వు కడుపులో ఉన్నావు. ఎక్కడికి పోతాను?"

నా గదిలో ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైలు సిద్ధంగా ఉంది, కింద మూలన ఆయన పేరు ఉంది. ఒక్క వేలు కదిపితే వెళ్ళిపోతుంది. రెండు చేతులూ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అత్తయ్య హాల్లోంచి కేకేసింది, "చెవుడొచ్చిందా? వాడు చేస్తున్నాడేమో!"

అమ్మ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నా చేతులకేసి చూసింది.

"నేను ఒక్కరోజే ఆపాను," అంది మెల్లగా. "ఒక్కరోజు ఆపితే వాళ్ళకి కోపం వస్తుంది, అంతే. ఏదీ మారదు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీశాను.

"ఫైలేదీ? అందరూ వచ్చేశారు! ఇంకెంతసేపు?"

"పంపడం లేదండీ."

"పరువు తియ్యకు. సరే, ఏదో ఒకటి చెప్పి రేపటికి గడువడుగుతాను. రేపు పొద్దున్నకైనా..."

అమ్మ గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"రేపు కూడా పంపనండీ," అన్నాను.