దుంగలు కోసేసిన ఇల్లు

భూమికి దక్షిణపు కొసన, ఉషువాయా ఊరి కొండవాలు మీద మేం కట్టుకునేవి ఇళ్లు కావు, సామాను. నగరపాలక కార్యాలయం ఇచ్చే కాగితంలోనే ఆ సంగతి రాసి ఉంటుంది: తాత్కాలిక నివాసం, ఇల్లు జారుదుంగల మీదే ఉండాలి, చెప్పిన రోజున లాక్కుపోవాలి. రెండు పొడవాటి దుంగలు, వాటి మీద నేలచెక్కలు, గోడలు, రేకు కప్పు. దుంగల ముందు కొసల్లో గొలుసు దూర్చడానికి కన్నాలు. టీవీలు బిగించడానికి మేం కావాలి, డబ్బాల్లో పీతలు కుక్కడానికి మేం కావాలి. మేం ఉండడానికి మాత్రం నేల లేదు. తొమ్మిదేళ్లలో నా ఇల్లు మూడుసార్లు లాగారు.

అందుకే ఫిబ్రవరిలో, వేసవి సభలో, బల్ల మీదికెక్కి అరిచాను. "దుంగలు కోసెయ్యండి! సిమెంటు పోసి ఇల్లు నేలలో పాతెయ్యండి! కొండ కొండంతా పాతుకుంటే కూల్చే దమ్ము ఎవడికుంది?" చేతులన్నీ లేచాయి. చప్పట్లు మోగాయి. తర్వాత ఎవరింటికి వాళ్లు పోయారు. పొద్దున్నే ఫ్యాక్టరీ.

కోసింది ఒక్కతే. నెలిదా బారియెంతోస్, చిలోయే దీవి మనిషి, యాభై ఎనిమిదేళ్లు, పీతల ఫ్యాక్టరీలో పని. మొగుణ్ని సముద్రం తినేసింది. సభలో ఆమె నోరు విప్పలేదు. నా దగ్గరికొచ్చి రంపం అడిగింది, ఇచ్చాను. సిమెంటు దిమ్మెలు పోసుకుని ఇంటిని వాటి మీదికి దించింది. మేలో చలి ముదిరాక ఆ దుంగలనే ముక్కలు చేసి పొయ్యిలో పెట్టుకుంది.

జులైలో ఒక మంగళవారం నోటీసు అంటించారు. రోడ్డు వెడల్పు చేస్తారట. మా వరసలో పదకొండు ఇళ్లూ శుక్రవారం మధ్యాహ్నానికి పైకి జరగాలి. జరగని ఇంటిని కూలుస్తారు.

ఆ సాయంత్రం నెలిదా ఇంటికి వెళ్లేసరికి ఫ్రోయిలాన్ అక్కడే ఉన్నాడు. అడవిలో కలప లాగే ట్రాక్టర్ అతనిది. మా ఇళ్లు లాగేదీ అతనే.

"లాగమంటే లాగుతా నెలిదమ్మా, కానీ దేన్ని పట్టుకు లాగను?" అంటున్నాడు. "గొలుసేస్తే గోడలు నా వెంట వస్తాయి, నేల నీ దగ్గరే ఉండిపోద్ది."

"నీ నోరు పడిపోను. నవ్వే ఓపిక లేదు నాకు."

"మా పుంతా అరేనాస్ వచ్చెయ్. నగరమంటే అదీ. అక్కడ ఇళ్లు కదలవు, గాలికి మనుషులే కదుల్తారు."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేమంటావయ్యా నాయకుడా?"

"అందరం అడ్డంగా నిలబడదాం," అన్నాను. నా గొంతు నాకే అరిగిపోయినట్టు వినిపించింది.

"అందరం అంటే ఎవరెవరు?"

అంటూనే శాలువా కప్పుకుని బయటికి నడిచింది, వెనకే మేమిద్దరం. రెండిళ్ల కింద నాది. నా గుమ్మం ముందు మోకాళ్ల మీద కూర్చుని మంచు చేత్తో గీకింది. కింద దుంగ కొస, గొలుసు కన్నం.

"ఇదేంటి అన్సెల్మో?"

"కోద్దామనే అనుకున్నా. ఈస్టర్ తర్వాత. ఓవర్‌టైమ్ పడింది. ఆ తర్వాత నేల గడ్డకట్టేసింది."

అన్నీ నిజాలే. అసలు నిజం, భయపడ్డాను. నాలుగోసారి కూడా ఎవడో వస్తాడని నాకు తెలుసు.

"రంపం ఇచ్చావు చూడు," అంది ఆమె మెల్లగా. "అప్పుడైనా చెప్పొచ్చుగా, నేనింకా కొయ్యలేదు, నువ్వూ ఆగు అని. ఆ ఒక్క ముక్కకి నోరు రాలేదా? బల్లెక్కితే ఆగదే నీ నోరు!"

తిట్టి ఉంటే బాగుండేది.

"నా దుంగలు తీసుకో," అన్నాను.

"మరి నీ ఇల్లు?"

"నేలకి దిగుద్ది."

"ఫిబ్రవరి తీర్మానం ఇప్పటికి అమలైంది," అన్నాడు ఫ్రోయిలాన్.

ఆమె లేచి మోకాళ్లు దులుపుకుంది. "తీసుకుంటా. మొహమాటం లేదు నాకు. కానీ త్యాగం చేశానని ఏ సభలోనైనా వాగావో, పళ్లు రాలగొడతా."

బుధ, గురువారాలు షిఫ్టు దిగి నేరుగా అక్కడికే పోయాను. లారీ జాకీలు నాలుగు తెచ్చి ముందు నా ఇల్లు లేపాం, దుంగలు లాగాం, ఇంటిని రాళ్ల మీదికి దించాం. తర్వాత ఆమె ఇల్లు. సిమెంటు బాగా కలిపింది మహాతల్లి, సుత్తి దెబ్బకి నిప్పులు రాలాయి గానీ దిమ్మె పగలదు. చెప్పకుండానే మిగతావాళ్లూ గునపాలతో వచ్చారు. చేతులెత్తినవాళ్లే అందరూ. అందరి ఇళ్ల కిందా దుంగలున్నాయి. ఒకడి మొహం ఒకడు చూసుకోకుండా పగలగొట్టి, నా దుంగలు ఆమె ఇంటి కింద దూర్చాం.

చలికాలం కదా, శుక్రవారం పదింటికి గానీ తెల్లవారలేదు. నాది తప్ప మిగతా ఇళ్లు పైకి చేరిపోయాయి, ఆమెది ఆఖరు. ఫ్రోయిలాన్ గొలుసు వేశాడు. నెలిదా లోపలే ఉంది, పొయ్యి ఆర్పనంది. వాళ్ల దీవిలోనూ ఇళ్లు లాగడం మామూలే; లాగడానికి వచ్చినవాళ్లకి ఇంటావిడే భోజనం పెట్టాలి. ఇల్లు కిర్రుమంది, కదిలింది. పొగ గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది. సగం దారిలో ఎడమ దుంగ రాయికి తట్టుకుంది. ఇల్లు పక్కకి ఒరిగింది.

"ఆపు! ఆపరా!" అరిచాను.

కిటికీలోంచి ఆమె తల బయటికొచ్చింది. "ఆపితే ఇక్కడే గడ్డకడుతుంది. లాగు!"

లాగాడు. ఎక్కింది.

ఆమె పెట్టిన మాంసం పులుసు నిలబడే తాగాను. సగం పొయ్యి మీద ఒలికిపోయిందని గొణిగింది. ఆ రోజుకి షిఫ్టు పన్నెండుకి మార్చుకున్నాను. నా ఇంటి మీదికి కూల్చే యంత్రం వచ్చినప్పుడు నేను టీవీ పెట్టెలకి వెనక మూతలు బిగిస్తున్నాను. పావుగంట కూడా పట్టలేదని తర్వాత చెప్పారు.

ముందే బయటపెట్టిన పరుపు, రెండు గిన్నెలు మోసుకుని రాత్రి కొండెక్కాను. నెలిదా తలుపు తీసింది. బల్ల మీద దుప్పటి పరిచి ఉంది.

"ఎన్నాళ్లు?" అంది.

"స్థలం దొరికేదాకా."

"అంటే చచ్చేదాకా. ఆదివారం సభ పెట్టు."

"పెట్టి ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పొద్దు. నేను మాట్లాడతా. బూట్లు బయటే విప్పు, నేల పాడవుద్ది."