వరద రాని సంవత్సరం

ఈ పరిశోధన సంస్థలో ఒక నియమం ఉంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేముందు గుమ్మం దగ్గరున్న డబ్బాలోంచి చీటీ తీయాలి. అందులో ఏ అంకె ఉంటే ఆ కుర్చీలో కూర్చోవాలి. పది నెలలు ఇక్కడే ఉండి రాసుకోవడానికి వచ్చిన పద్దెనిమిది మందిమి ఎవరి గదిలో వాళ్ళం ముడుచుకుపోకూడదని ఆ ఏర్పాటట. నాకు మొదటినుంచీ ఆ చీటీలంటే ఒళ్ళుమంట. ఇరవై రెండేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, జీతం లేని సెలవు పెట్టి వచ్చింది అన్నం తింటూ కూడా పరీక్ష రాయడానికా?

ఆ సోమవారం నా పక్కన పిట్టలావిడ పడింది. పక్షుల కూతల మీద పనిచేస్తుంది కాబట్టి అందరం అలాగే అంటాం. నా పుస్తకం దేని గురించని అడిగింది. వందసార్లు చెప్పిన పాఠమే అప్పజెప్పాను.

వందేళ్ళ కిందట ఒక సర్వేయరు ఏటా ఒకే సరిహద్దు రాయి దగ్గర మొదలుపెట్టి నది ఒడ్డు దాకా ఇనుప గొలుసుతో కొలిచాడు. రెండు మైళ్ళ పైచిలుకు దూరం. అది ఏటా రవ్వంత తగ్గుతూ వచ్చింది, అంటే నది ఊరివైపు జరుగుతోందన్నమాట. పద్దెనిమిదో ఏట మాత్రం దూరం ఉన్నట్టుండి మొదటికొచ్చింది. పెద్ద వరద వచ్చి నదిని వెనక్కి నెట్టిందని నా వాదన. ఆ వరద మీదే నలభై రెండు పేజీల అధ్యాయం రాశాను.

"వరద వచ్చిందని ఆయనెక్కడైనా రాశాడా అండీ?" అంది పిట్టలావిడ.

"లేదు. ఆ కాగితాలు పోయుంటాయి."

ఆవిడ తలూపి రెండు ముద్దలు తిన్నాక, "పద్దెనిమిదేళ్ళూ ఒకటే గొలుసా?" అంది.

కంచం వదిలేసి గదికి వచ్చాను. అలమరలోంచి ఆ పద్దెనిమిదో సంవత్సరపు కొలతల పుస్తకం నకలు తీశాను. మొదటి పేజీలో ఒక మూల ఉంది: 'పాత గొలుసు అప్పగించి కొత్తది పుచ్చుకున్నాను.' ఆ వాక్యం నేను చదవకపోలేదు. చదివి, చీటీ మీద ఎక్కించి, 'ఆఫీసు సామాను' అని రాసిన కవర్లో పడేశాను.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయనది సైకిల్ రిపేరు కొట్టు.

"ఏమండీ, గొలుసు వాడగా వాడగా పొడుగవుతుందా?"

"అవకేం? ఇనుము సాగదు గానీ కడియం కడియం దగ్గరా కాస్త అరుగుతుంది. అన్ని చోట్లా అరిగితే చైను పొడుగైనట్టే. రోజూ చూసేదేగా. ఎందుకూ?"

చెప్పాను. గొలుసు పొడుగైతే అదే దూరానికి తక్కువ గొలుసులు పడతాయి. నది అంగుళం కూడా కదల్లేదు. అవతల గాలి పంపు చప్పుడు ఆగింది.

"ఎనిమిదేళ్ళుగా రాస్తున్నావు. నన్నొక్క మాట అడగలేదేం?"

ఎగతాళిగా అనలేదు. అందుకే తల కొట్టేసినట్టయింది. సైకిళ్ళు బాగుచేసే మనిషికి నా చదువులో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. ఎనిమిదేళ్ళు ఒకే మంచం మీద పడుకుని అనుకున్నాను.

"గురువారం నా ప్రసంగం ఉంది. అది విన్నాకే మిగతా అయిదు నెలలు ఉంచాలో పంపెయ్యాలో తేలుస్తారు," అన్నాను.

"ఇంకా ఎవరికీ తెలీదుగా. ఏం చేస్తావు?"

"చెప్పేస్తాను."

"సరే. ముందు అన్నం తిను."

మంగళ, బుధవారాలు గది దాటలేదు. పదిహేడేళ్ళ కొలతలూ మళ్ళీ లెక్కవేశాను. అరుగుదల కలిపి చూస్తే దూరం ప్రతి ఏడూ ఒకటే. వరద అధ్యాయాన్ని మసిపూసి మారేడుకాయ చేసే దారులు నాలుగు కనిపించాయి. నాలుగూ నాకు బాగా చేతనైనవే. ఆ నలభై రెండు పేజీలూ కట్టగట్టి చెత్తబుట్టలో వేశాను.

గురువారం హాల్లో మొదటి వాక్యమే నా తప్పుతో మొదలుపెట్టాను. ఎక్కడా గొంతు తగ్గించలేదు. అయిపోయాక చట్టాల చరిత్ర రాసే ఆయన లేచి, "అయితే మీ పుస్తకంలో ఇక మిగిలిందేమిటండీ?" అన్నాడు.

"అదే గొలుసుతో ఆ ఊరి పొలాలన్నీ కొలిచారు. ఎవరి పొలం కాగితంలో ఎంత కుంచించుకుపోయిందో, కొత్త గొలుసు వచ్చాక ఎవరెవరు తగాదా పడ్డారో తేల్చాలి. ఆ పుస్తకం రాస్తాను. ఇక్కడ ఉంచితే ఇక్కడ, లేకపోతే ఇంటి దగ్గర."

మర్నాడు సంస్థ పెద్దావిడ పిలిచి, "అయిదు నెలలు సరిపోతాయా?" అని అడిగింది. సరిపోతాయన్నాను. ఆవిడ ఒక ఫారం నా ముందుకు జరిపింది. పనిలో సాయానికి బయటినుంచి ఒక నిపుణుణ్ణి రెండు వారాలు పిలుచుకోవచ్చట.

అక్కడే కూర్చుని నింపాను. పేరు దగ్గర మా ఆయన పేరు, వృత్తి దగ్గర సైకిల్ రిపేరు అని రాశాను. కింద ఇంకో గడి ఉంది, ఈ నిపుణుడి అవసరం ఏమిటని. అందులో, 'ఎనిమిదేళ్ళ కిందటే ఈయన్ని అడగవలసింది' అని రాసి సంతకం పెట్టాను.