దేవుడి పళ్ళెం

"మీ ఊర్ల ఎన్ని భాషలు మాట్లాడ్తరు?" అని అడిగాడు మా ఆయన. నేను వంటింట్లో కింద కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తున్నాను. ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని, నా వంక చూడకుండానే అడిగాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఊరి గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది.

నాలుగు అన్నాను. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ. టకటకా కొట్టుకున్నాడు.

మా ఆయన కరుణాకర్ అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకు సోషియాలజీ చెబుతాడు. కొత్త రాష్ట్రం ఇవాళో రేపో వచ్చేస్తుందని అందరూ అనుకుంటున్న చలికాలం అది. పరీక్షల పిల్లలు చదివే ఒక మాసపత్రిక మన పట్టణాల మీద వ్యాసాలు వేస్తూ ఈయన్నీ ఒకటి రాయమంది. ఈయన చిక్కడపల్లిలో పుట్టి చిక్కడపల్లిలోనే పెరిగిన మనిషి. నారాయణగూడ దాటితే ఊరు దాటినట్టే లెక్క. అందుకని భార్య ఊరు గుర్తొచ్చింది.

జహీరాబాద్ దాటి బీదర్ వైపు పోతే వస్తుంది మా ఊరు. పల్లె అనడానికి లేదు, మార్కెట్ యార్డు ఉంది, సినిమా హాలు ఉంది. పట్నం అనడానికీ లేదు, బజారు వెనక అడుగు పెడితే చెరుకు తోట. అల్లం బేరం ఉర్దూలో జరుగుతుంది, చెరుకు కొట్టే వాళ్ళతో పోట్లాట మరాఠీలో, గిన్నెల కొట్లో మాటలు కన్నడంలో. ఏ భాషలో మొదలుపెడితే దాంట్లోనే ముగించాలన్న నియమం ఎవరికీ లేదు. మసీదుంది, హనుమాన్ గుడి ఉంది, లింగాయతుల మఠం ఉంది, చర్చి ఉంది. గొడవలు లేవని కాదు. నా చిన్నప్పుడు ఒక పండుగనాడు రాళ్ళు పడి, కొట్లు మూసి, ఎవరి గల్లీలో వాళ్ళం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. అదీ చెప్పాను. "గది ఒద్దు తీయ్. పాజిటివ్‌గ ఉండాలె," అని కొట్టేశాడు.

ఒలుస్తూ ఒలుస్తూ నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఇదే గడపలో నిలబడి, "ఆ ఖిచిడీ భాష నా దోస్తుల ముంగట మాట్లాడకు, పరువు పోతది," అన్న మనిషి ఈయనే. అవుననడానికి నా నోట 'హౌదు' వచ్చినప్పుడల్లా అత్తమ్మ చుట్టాల ముందు నన్ను అనుకరించి నవ్వించేది. నాలుగు భాషల నోరు నాది. కొన్నాళ్ళకు ఒక భాషలో, అదీ అడిగిన దానికే, జవాబు చెప్పడం నేర్చుకున్నాను. చాయ్ పెట్టాను, వంటయింది, నీళ్ళు తోడాను. ఒక ఇంటి కోడలికి అంతకంటే ఎక్కువ భాష అక్కర్లేదని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

"పండుగ ఏదన్న చెప్పు, డిఫరెంట్‌గ ఉండాలె."

ఎల్లమావాస్య గురించి చెప్పాను. ఆ రోజు వంట ఇంట్లో కాదు, పొలంలో. చలికాలం దొరికే పచ్చి గింజలన్నీ, ఆకుకూరలన్నీ ఒకే కుండలో వేసి ఉడికిస్తారు. దాన్ని మేం బజ్జి అంటాం. సజ్జ రొట్టెలు, జొన్న అంబలి. మొదటి ముద్ద భూమికి. రెండోది గట్టు మీద నడిచిపోయే మనిషికి, వాళ్ళెవరైనా సరే. మా గట్టు అవతల ఖుర్షీద్ బేగం వాళ్ళ అల్లం తోట. కుండ దించగానే మా అమ్మ గట్టెక్కి, "ఖుర్షీదక్కా, బారే!" అని కన్నడంలో కేకేసి రమ్మని పిలిచేది. ఆమె వచ్చి మా పక్కన కూర్చుని మా పళ్ళెంలోనే తినేది. ఎవరి పళ్ళెం ఎవరిదన్న మాటే అక్కడ పుట్టలేదు.

"సూపర్," అన్నాడు. "నాలుగు భాషలు ఒకే పళ్ళెంలో తినే ఊరు. గిదే హెడ్డింగ్."

నా చేతిలో కందికాయ అలాగే ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఖుర్షీద్ బేగం మనవరాలు తహసీన్ అశోక్ నగర్‌లోనే హాస్టల్లో ఉండి గ్రూప్ టూకి చదువుతోంది. ఆదివారాలు మా ఇంటికొస్తుంది. గుమ్మంలోనే, "క్యా ఆపా, ఊట హో గయా?" అంటుంది. ఊట అంటే కన్నడంలో భోజనం, మిగతాదంతా ఉర్దూ. ఆ ఒక్క ముక్క వినడానికి నేను వారమంతా ఎదురుచూస్తాను. ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడే అత్తమ్మ నారాయణగూడ నుంచి పేపర్ ప్లేట్ల కట్ట తెప్పించి సింకు కింద పెట్టింది. "తోముకునే తిప్పలెందుకు," అంది. ఇంటెడు గిన్నెలు రెండు పూటలా తోమేటప్పుడు ఎవరికీ గుర్తురాని నా తిప్పలు ఆ పిల్ల వచ్చినప్పుడే గుర్తొచ్చాయి. మా అందరికీ స్టీలు పళ్ళేలు, తహసీన్‌కు కాగితం. ఆ పిల్లకు తెలుసు. "పర్వా లేదు ఆపా, హాస్టల్ల గూడ గివే," అని నా ముఖం చూసి అబద్ధం చెప్పింది.

అత్తమ్మకు తెలియనిది ఒకటుంది. నా పెళ్ళికి ఖుర్షీద్ బేగం ఒక బరువైన స్టీలు పళ్ళెం ఇచ్చింది. మా ఊళ్ళో శరణప్ప కొట్లో కొని, దాని మీద పేర్లు చెక్కించింది. అక్కడ చెక్కే ముసలాయనకు కన్నడం ఒక్కటే వచ్చు. అలా ఉర్దూ మాట్లాడే మనిషి తెలుగు పిల్లకిచ్చిన పళ్ళెం మీద కన్నడ అక్షరాలు పడ్డాయి, ప్రభావతికి అనే చోట 'ప్రభావతిగె' అని. కాపురానికి వచ్చిన వారంలోనే అత్తమ్మ దాన్ని చేతిలో ఎత్తి చూసి, "మంచి బరువుంది, దేవునికి పెడ్త," అని పూజగదిలోకి తీసుకుపోయింది. ఆ గీతలేందని అడిగింది. పేర్లు అత్తమ్మా అన్నాను. "దుకాణం పేరేమో తీ," అంది. ఆ రోజు నుంచి దేవుడికి నైవేద్యం దాంట్లోనే. పొద్దున్నే తలస్నానం చేసి ఆ పళ్ళెం తోమేది నేనే. తెలుగు వచ్చిన వాళ్ళెవరైనా కాసేపు నిలబడి చూస్తే కూడబలుక్కుని చదవగలిగే అక్షరాలు. ఈ ఇంట్లో ఎవరూ నిలబడి చూడలేదు. చెబితే నా మీద అరుస్తారని మొదట్లో భయం. తర్వాత అది నా ఒక్కదాని సరదా. బయటపెడితే ఆ పళ్ళెం ఈ ఇంట్లో ఉండదని మాత్రం నాకు తెలుసు.

వ్యాసం పూర్తయింది. ఎల్లమావాస్య ఆ ఏడు జనవరి ఒకటిన పడింది. పత్రిక ఎడిటర్ ప్రేమ్‌సాగర్ ఆ రోజు భోజనానికొచ్చి ఫోటోలు తీసుకుంటానన్నాడట. "బజ్జి చెయ్యి. ఆ తహసీన్‌ను గూడ పిలువు. బుర్ఖ ఏసుకొని రమ్మను, ఫోటోల తెల్వాలె గదా," అన్నాడు మా ఆయన. ఆ పిల్లకు బుర్ఖా అలవాటే లేదు. భోజనానికి రమ్మన్నాను, మిగతాది చెప్పలేదు. చెప్పడానికి నాకు సిగ్గేసింది.

చిక్కడపల్లి మార్కెట్లో పచ్చి శనగ కట్టలు, బఠాణీ, అనపకాయలు, మెంతికూర, పాలకూర ఏరుకొచ్చి, తెల్లవారకముందే లేచి వండాను. ఇంటి నిండా మా పొలం వాసన. తహసీన్ పుస్తకాల సంచీతోనే వచ్చి, కుండ దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. "దాదీ యాదొచ్చింది ఆపా," అంది. ఖుర్షీద్ బేగం పోయి అప్పటికి ఏడాది.

ప్రేమ్‌సాగర్ కెమెరా తీశాడు. "అమ్మా, జర చున్నీ తల మీద కప్పుకోరాదు?" అన్నాడు. తహసీన్ నా వైపు చూసి, కప్పుకుంది. ఫోటోలో కాగితం బాగుండదని మా ఆయన ఆ పిల్ల ముందు స్టీలు పళ్ళెం పెట్టించాడు. ఒక పక్క ఈయన, ఒక పక్క తహసీన్, మధ్యలో బజ్జి గిన్నె. నన్ను పక్కకు జరగమన్నారు. ఫ్లాష్ నాలుగైదుసార్లు వెలిగింది.

"అయిపోయింది సార్, ఇగ తిందాం," అన్నాడు ప్రేమ్‌సాగర్.

తహసీన్ రొట్టె తుంచి బజ్జిలో అద్దింది. అప్పుడే అత్తమ్మ పేపర్ ప్లేటు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. మా ఆయన తలెత్తకుండా, "ప్రభా, ఆమె ప్లేట్ మార్చు," అన్నాడు. ఫ్యాన్ వెయ్యి అన్నట్టు అన్నాడు.

తహసీన్ చెయ్యి నోటి దాకా రాలేదు. ముక్కను మెల్లగా పళ్ళెంలోనే పెట్టేసింది. తల మీది చున్నీ తీసేసి లేచింది. "క్లాస్ ఉంది ఆపా," అంది. జనవరి ఒకటిన క్లాసులుండవు. కుళాయి కింద వేళ్ళు కడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, నా చెయ్యి ఒకసారి పట్టుకుని మెట్లు దిగిపోయింది. ఎల్లమావాస్య నాడు మా అమ్మ గట్టెక్కి పిలిచి పెట్టేది. నేను పిలిచి, ఎంగిలి పడకుండా పంపించాను. ఆ క్షణాన నాకు నా మీదే అసహ్యం వేసింది.

నేను పూజగదిలోకి వెళ్ళాను. పళ్ళెంలో నైవేద్యం తీసి గిన్నెలో పెట్టాను. పళ్ళెం తెచ్చి మా ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"అయ్యో, దేవుని పళ్ళెం! గది గీడికెందుకు తెచ్చినవ్?" అంది అత్తమ్మ.

"మా ఊరి మీద రాసిండ్రు గదా. గీ అంచు మీదున్నది చదువుండ్రి," అన్నాను.

"ఏంది ప్రభా, సార్ ముంగట తమాషా..."

"చదువుండ్రి."

ప్రేమ్‌సాగర్ చూస్తున్నాడు కాబట్టి చదివాడు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. "ప్ర... భా... వ... తి... గె. ఖు... ర్షీ... ద్... బే..." అక్కడ ఆగిపోయాడు. మిగిలిన అక్షరాన్ని వేలితో కప్పేశాడు.

"ఆ పిల్ల నాయనమ్మ," అన్నాను. "నా పెళ్ళికి పెట్టింది."

అత్తమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. ఎన్నేళ్ళ ప్రసాదం గుర్తొచ్చిందో, పెదవులు చెంగుతో తుడుచుకుంటూనే ఉంది. ప్రేమ్‌సాగర్ కెమెరాను సంచీలో పెట్టుకున్నాడు. మా ఆయన ముఖంలో సిగ్గు కోసం వెతికాను. కోపమే కనిపించింది.

బజ్జి టిఫిన్ డబ్బాలోకి వంచాను. రొట్టెలు గుడ్డలో చుట్టాను. పళ్ళెం కడిగి, తుడిచి, చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను. హాస్టల్ నడిచిపోయేంత దూరమే. ఆ పిల్ల తలుపు తీస్తుందో లేదో తెలియదు. తీస్తే ఇద్దరం దీంట్లోనే తింటాం. తిన్నాక ఈ ఇంటికి రావాలా వద్దా అన్నది అక్కడ కూర్చుని ఆలోచించుకుంటాను.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "రేపు దేవునికి దేన్ల పెట్టాలెనే?"

"సింకు కింద పేపర్ ప్లేట్లున్నయి గద అత్తమ్మా," అన్నాను. "తోముకునే తిప్పలుండవు."